అక్కడ గ్యారేజీలో హాబీ, ఇక్కడ ఆయుధ చట్టం: ఇంట్లో తూటాల తయారీ చుట్టూ లెక్కలు, చిక్కులు

అమెరికాలో వేట సామగ్రి అమ్మే ఏ పెద్ద దుకాణానికి వెళ్లినా ఒక వరుసలో చేతిమీటతో నడిచే చిన్న ఇనుప యంత్రాలు కనిపిస్తాయి. వాటిని రీలోడింగ్ ప్రెస్ అంటారు. వాడేసిన తూటా తొడుగును మళ్లీ నింపి కొత్త తూటాగా మార్చడం వాటి పని. కొనడానికి లైసెన్సు అక్కర్లేదు, నేపథ్య తనిఖీ లేదు. డ్రిల్లింగ్ మెషిన్ కొన్నట్టే డబ్బు కట్టి ఇంటికి తెచ్చుకోవచ్చు.

అదే యంత్రం శంషాబాద్ విమానాశ్రయంలో దిగితే పరిస్థితి తలకిందులవుతుంది. భారత ఆయుధ చట్టం దాన్ని కేవలం యంత్రంగా చూడదు. తూటాలు తయారుచేసే యంత్రం కూడా చట్టం దృష్టిలో 'మందుగుండు' కిందికే వస్తుంది.

ఈ రెండు ప్రపంచాల మధ్య ఇప్పుడు లక్షలాది తెలుగువారు తిరుగుతున్నారు. టెక్సాస్, జార్జియా వంటి రాష్ట్రాల్లో స్థిరపడినవారిలో కొందరు షూటింగ్ రేంజ్‌లకు, జింకల వేటకు అలవాటు పడుతున్నారు. తూటాల ధరలు చూసి, ఇంట్లోనే తయారు చేసుకుంటే పోలా అని ఆలోచించేవారూ ఉన్నారు. ఏ ప్రెస్ కొనాలి, ఎంతలో వస్తుంది అనే ప్రశ్నతో మొదలయ్యే ఈ ఆలోచన ఉక్రెయిన్ యుద్ధం నుంచి హెచ్-1బీ వీసా నిబంధనల దాకా చాలా విషయాలను తాకుతుంది.

తూటాలో ఏముంటుంది

వాడుకలో తూటా, బుల్లెట్ ఒకటే అంటాం. నిజానికి బుల్లెట్ అనేది తూటాలో ఒక భాగం మాత్రమే. పూర్తి తూటాలో నాలుగు భాగాలుంటాయి. ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మండే పౌడర్, మూతి దగ్గర బిగించిన బుల్లెట్. పేల్చినప్పుడు ప్రైమర్, పౌడర్ మండిపోతాయి, బుల్లెట్ వెళ్లిపోతుంది. ఇత్తడి తొడుగు మాత్రం మిగులుతుంది. నాలుగింటిలో ఖరీదైన భాగాల్లో అదొకటి. జాగ్రత్తగా వాడితే రైఫిల్ తొడుగు చాలాసార్లు పనికొస్తుంది. రీలోడింగ్‌కు ఆర్థిక పునాది ఇదే.

పేలినప్పుడు తొడుగు తుపాకీ గది ఆకారానికి ఉబ్బుతుంది. దాన్ని మళ్లీ సరైన కొలతకు నొక్కేది 'డై' అనే ఉక్కు అచ్చు. ఆ అచ్చును పట్టుకుని, మీట లాగినప్పుడు బలం ఇచ్చేదే ప్రెస్. ప్రతి రకం తూటాకు దాని డై వేరు.

ఈ పరిశ్రమ అమెరికాలో పాతది. లైమన్ కంపెనీ మూలాలు 1878 నాటివి. ఆర్‌సీబీఎస్ సంస్థను 1943లో ఫ్రెడ్ హంటింగ్టన్ కాలిఫోర్నియాలోని ఓరోవిల్‌లో మొదలుపెట్టాడు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో తూటాలన్నీ సైన్యానికే పోతుంటే, సొంతంగా బుల్లెట్లు చేసుకునే పరికరంగా ఆయన డై పుట్టింది. హార్నడీ 1949లో నెబ్రాస్కాలో, లీ ప్రెసిషన్ ఆ తర్వాతి దశాబ్దంలో విస్కాన్సిన్‌లో వచ్చాయి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం సొంత వాడకానికి తూటాలు చేసుకోవడానికి లైసెన్సు అవసరం లేదు. అమ్మకానికి చేస్తే మాత్రం తయారీదారు లైసెన్సు ఉండాల్సిందే.

ఏ ప్రెస్, ఏ త్రాసు

ప్రెస్‌లు మూడు రకాలు. సింగిల్ స్టేజ్ ప్రెస్ మీట లాగిన ప్రతిసారీ ఒకే పని చేస్తుంది. యాభై తొడుగులకు ఒక పని పూర్తయ్యాక డై మార్చి రెండో పని మొదలుపెట్టాలి. నెమ్మదిగా సాగుతుంది, కానీ ఏ దశలో ఏం జరుగుతోందో కళ్లముందే ఉంటుంది. టరెట్ ప్రెస్‌లో అన్ని డైలూ తిరిగే తలపై బిగించి ఉంటాయి కాబట్టి డైలు విప్పి బిగించే శ్రమ తప్పుతుంది. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో మీట ఒక్కసారి లాగితే నాలుగైదు దశలు ఒకేసారి నడుస్తాయి. గంటకు వందల తూటాలు వస్తాయి. వారానికి వందలకొద్దీ పిస్టల్ తూటాలు పేల్చే పోటీదారులకు ఇది సరిపోతుంది.

రైఫిల్‌తో మొదలుపెట్టేవారికి అనుభవజ్ఞులు ఎక్కువగా సూచించేది సింగిల్ స్టేజ్‌నే. రైఫిల్ తూటాకు కావాల్సింది వేగం కాదు, ఒకదానికొకటి తేడా లేకపోవడం. పైగా ప్రోగ్రెసివ్ యంత్రంలో ఒక దశలో జరిగిన పొరపాటు ఇంకో దశ సందడిలో కంటికి కనబడకుండా పోయే ప్రమాదం ఉంది. దృఢమైన సింగిల్ స్టేజ్ ప్రెస్ పాతబడి మూలన పడేది కాదు. తర్వాత పెద్ద యంత్రం కొన్నా ఇది బల్లమీద ఉండనే ఉంటుంది.

కొత్తవారు డబ్బంతా ప్రెస్ మీద పెట్టి త్రాసు దగ్గర పొదుపు చేస్తారు. అది తిరగేసిన లెక్క. చవకరకం ప్రెస్ వల్ల చేతికి శ్రమ పెరుగుతుందేమో గానీ, తప్పుడు త్రాసు వల్ల తుపాకీ పగులుతుంది. పౌడర్‌ను గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌనుకు 7,000 గ్రెయిన్లు. గ్రెయిన్‌లో పదోవంతు తేడాను పట్టగల త్రాసు, దాన్ని సరిచూసే తూకం రాళ్లు తప్పనిసరి. కరెంటుతో నడిచే త్రాసు వేగంగా చూపిస్తుంది, కానీ గాలికి, వేడికి, బ్యాటరీకి చలిస్తుంది. దండెతో ఉండే పాతరకం త్రాసుకు ఆ బెడద తక్కువ. చాలామంది రెండూ పెట్టుకుని ఒకదానితో ఇంకోదాన్ని సరిచూస్తారు.

తర్వాతది కాలిపర్. ప్రతి పేలుడుకూ రైఫిల్ తొడుగు కాస్త పొడవు పెరుగుతుంది. హద్దు దాటితే ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. కాబట్టి కొలిచే కాలిపర్, కత్తిరించే ట్రిమ్మర్ రెండూ కావాలి. వీటన్నిటికంటే ముందు కొనాల్సింది పుస్తకం. లైమన్, హార్నడీ, సియెరా, నాస్లర్ వంటి సంస్థలు ప్రయోగశాలలో ఒత్తిడిని కొలిచి ప్రచురించే మాన్యువల్స్ ఉన్నాయి. పౌడర్ మోతాదును వాటి నుంచే తీసుకోవాలి తప్ప స్నేహితుడి మాట మీదో, సోషల్ మీడియా పోస్టు మీదో కాదు. రెండు పౌడర్లు చూడటానికి ఒకేలా ఉంటాయి. వాటి మండే వేగంలో మాత్రం ప్రాణాంతకమైన తేడా ఉండొచ్చు. బల్లమీద ఒకేసారి రెండు డబ్బాలు ఉండకూడదన్న నియమం అందుకే వచ్చింది.

ప్రైమర్లలో సాధారణంగా సీసం సమ్మేళనం ఉంటుంది. వాడిన తొడుగులు శుభ్రం చేసేటప్పుడు వచ్చే దుమ్ములోనూ ఆ సీసం ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో వంటింటి బల్ల మీదో, డైనింగ్ టేబుల్ మీదో ఈ పని చేయడం తుపాకీ ప్రమాదం కంటే నెమ్మదైన, కంటికి కనిపించని ప్రమాదం.

పొదుపు నిజమేనా

మంచి సింగిల్ స్టేజ్ కిట్, డైలు, కాలిపర్, ట్రిమ్మర్ కలిపి 700 డాలర్లు అయిందనుకుందాం. దూరం నుంచి గురిచూసి కొట్టే మ్యాచ్ రకం రైఫిల్ తూటా దుకాణంలో 1.75 డాలర్లు అనుకుందాం. ఇంట్లో చేస్తే బుల్లెట్‌కు 45 సెంట్లు, ప్రైమర్‌కు 8 సెంట్లు పోతాయి. పౌనుకు 50 డాలర్ల పౌడర్ 165 తూటాలకు వస్తే ఒక్కోదానికి 30 సెంట్లు. డాలరు ఖరీదు చేసే తొడుగును ఎనిమిదిసార్లు వాడితే మరో 12 సెంట్లు. మొత్తం 95 సెంట్లు. తూటాకు 80 సెంట్లు మిగులుతాయి. సుమారు 875 తూటాల తర్వాత పెట్టుబడి తిరిగొస్తుంది. నెలకు 60 తూటాలు పేల్చేవారికి ఏడాదిన్నర లోపే.

ఇదే లెక్కను చవకగా పెట్టెలకొద్దీ దొరికే .223 రకం సాధారణ తూటాకు వేస్తే బొమ్మ మారిపోతుంది. దుకాణంలో 55 సెంట్లు, ఇంట్లో 37 సెంట్లు అనుకుంటే మిగిలేది 18 సెంట్లే. పెట్టుబడి రావడానికి దాదాపు 3,900 తూటాలు కావాలి. అదే నెలకు 60 చొప్పున ఐదేళ్లు దాటుతుంది. సింగిల్ స్టేజ్ మీద గంటకు యాభై తూటాలు అయితే గొప్ప. ఆ సమయానికి విలువ కడితే పొదుపు అన్న మాటే మిగలదు. పౌడర్, ప్రైమర్లను ఇంటికి తెప్పించుకుంటే ప్రమాదకర సరకు రవాణా రుసుము అదనం.

కాబట్టి రీలోడింగ్ డబ్బు ఆదా చేస్తుందన్న ప్రచారం సగం నిజం. ఖరీదైన, అరుదైన తూటాలు వాడేవారికి, తమ రైఫిల్‌కే సరిపోయే తూటా కావాలనుకునేవారికి అది నిజం. సరదాగా నెలకోసారి రేంజ్‌కు వెళ్లేవారికి కాదు.

గ్యారేజీ దాకా వచ్చిన యుద్ధం

ఈ లెక్కలో అన్నిటికంటే నిలకడ లేనిది పౌడర్. పొగరాని పౌడర్‌కు మూల పదార్థం నైట్రోసెల్యులోజ్. పత్తి గింజకు అంటుకుని ఉండే పొట్టి నూగును, అంటే లింటర్‌ను, ఆమ్లాలతో శుద్ధి చేసి దాన్ని తయారుచేస్తారు. వేట తూటాకైనా, 155 మిల్లీమీటర్ల ఫిరంగి గుండుకైనా మూలం ఇదే.

2022లో ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలయ్యాక ఫిరంగి గుండ్ల గిరాకీ ఒక్కసారిగా పెరిగింది. యుద్ధానికి ముందు నెలకు సుమారు 14,000 గుండ్లు తయారుచేసిన అమెరికా, లక్ష లక్ష్యంగా పెట్టుకుంది. లింటర్ కోసం చైనా మీద ఎంతగా ఆధారపడ్డామో ఐరోపా దేశాలు అప్పుడు గమనించాయి. జర్మన్ ఆయుధ సంస్థ రైన్‌మెటల్ 2025లో ఒక నైట్రోసెల్యులోజ్ తయారీ సంస్థను కొనేదాకా విషయం వెళ్లింది. అమెరికాలో 2023 చివర్లో విస్టా అవుట్‌డోర్ కంపెనీ ప్రపంచవ్యాప్తంగా పౌడర్ కొరత రానుందంటూ డీలర్లకు ధరల పెంపు తెలియజేసింది. 2024లో అలయంట్ సంస్థ కొన్ని రకాల పౌడర్ల సరఫరాను తాత్కాలికంగా ఆపింది. అదే ఏడాది నవంబరులో ఫెడరల్, రెమింగ్టన్, సీసీఐ వంటి పేరున్న అమెరికన్ తూటా బ్రాండ్లు చెక్ దేశానికి చెందిన సీఎస్‌జీ చేతిలోకి వెళ్లాయి.

అమెరికా హాబీదారు వాడే పౌడర్లలో అమెరికావి కానివి చాలానే ఉన్నాయి. హాడ్జ్‌డన్ అమ్మే వార్గెట్ వంటి రకాలు ఆస్ట్రేలియాలోని మల్వాలాలో తయారవుతాయి. విటావూరి ఫిన్లాండ్‌ది. ఐఎంఆర్ రకాలకు పేరున్న కెనడాలోని వ్యాలీఫీల్డ్ కర్మాగారమే ఫిరంగుల పౌడర్‌నూ తయారుచేస్తుంది. సైన్యం ఆర్డర్ పెడితే ముందు దానికే సరకు వెళుతుంది. హాబీదారుది ఎప్పుడూ చివరి వరుసే. 700 డాలర్ల యంత్రం కొన్నాక, మాన్యువల్‌లో రాసిన పౌడర్ నెలల తరబడి దొరకకపోతే యంత్రం అలంకారంగా మిగులుతుంది. అందువల్ల ముందు పౌడర్, ప్రైమర్ దొరుకుతున్నాయో లేదో చూసి, ఆ తర్వాతే ప్రెస్ కొనాలన్నది ఈ కాలపు పాఠం.

వీసా మీద ఉన్నవారికి

అమెరికాలోని తెలుగువారికి సంబంధించి అన్నిటికంటే ముఖ్యమైన, తక్కువ మందికి తెలిసిన అంశం ఇది. హెచ్-1బీ, ఎఫ్-1 వంటి వలసేతర వీసాలపై ప్రవేశించినవారు తుపాకీ గానీ తూటా గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఆ లైసెన్సు గడువు ముగిసిన రోజు ఆ మినహాయింపూ ముగుస్తుంది.

తూటా అంటే ఏమిటో అదే చట్టం నిర్వచించింది. పూర్తి తూటాతో పాటు ఖాళీ తొడుగులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా ఆ నిర్వచనంలోకి వస్తాయి. అంటే మినహాయింపు లేని వీసాదారు ఒక్క తూటా కూడా తయారు చేయకుండా, ప్రైమర్ల డబ్బా ఒకటి అల్మరాలో పెట్టుకున్నా చిక్కే. 2022 సవరణ తర్వాత ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. శిక్ష మాట అటుంచి, ఇలాంటి కేసు గ్రీన్‌కార్డు ఆశనే మింగేయగలదు. గ్రీన్‌కార్డు కోసం భారతీయులు ఏళ్ల తరబడి వరుసలో నిలబడుతున్నారు. కాబట్టి పదిహేనేళ్లుగా అమెరికాలో ఉంటున్నా, ఇల్లు కొన్నా, ఈ చట్టం దృష్టిలో ఇంకా వలసేతర వీసాదారుగానే ఉన్నవారు ఎందరో. రేంజ్‌లో స్నేహితుడు చేసే పనే తానూ చేస్తున్నానని అనుకోవడం వారికి ప్రమాదం.

రాష్ట్రాల చట్టాలు వేరు. 2019 జులై నుంచి కాలిఫోర్నియాలో తూటాలు కొనాలంటే నేపథ్య తనిఖీ తప్పనిసరి అయింది. ఆ నిబంధనపై కోర్టుల్లో పోరాటం సాగుతూ వచ్చింది. అయితే రాష్ట్ర చట్టం తనిఖీకి లెక్కలోకి తీసుకునేది పూర్తిగా సిద్ధమైన తూటానే, విడిభాగాలను కాదు. నియంత్రణ కోరేవారికి ఇది లొసుగు. తుపాకీ హక్కుల పక్షానికి ఇది మిగిలిన స్వేచ్ఛ. ఒకే వస్తువు ఫెడరల్ చట్టంలో తూటా, రాష్ట్ర చట్టంలో కాదు. దుకాణదారు అడగలేదు కాబట్టి చట్టబద్ధమే అనుకోవడానికి లేదు.

ఇక్కడి చట్టం ఏమంటోంది

భారత ఆయుధ చట్టం 1959 నాటిది. అందులోని రెండో సెక్షన్ మందుగుండును నిర్వచిస్తూ తూటాల విడిభాగాలను, వాటిని తయారుచేసే యంత్రాలను కూడా చేర్చింది. ఆ మాటలు రాసినప్పుడు శాసనకర్తల మనసులో ఉన్నది కర్మాగారమే కావచ్చు. కానీ అక్షరాలా చదివితే గ్యారేజీ ప్రెస్ బయట పడే దారి కనబడదు. ఐదో సెక్షన్ ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. విదేశం నుంచి తేవడానికి పదో సెక్షన్ వర్తిస్తుంది. 2019 సవరణ తర్వాత లైసెన్సు లేని తయారీకి కనీస శిక్ష ఏడేళ్లు, గరిష్ఠం జీవిత ఖైదు. పౌడర్ విషయంలో పేలుడు పదార్థాల చట్టం అదనం.

విమానాశ్రయాల్లో బ్యాగు అడుగున మరిచిపోయిన తూటా దొరికి కేసులు పెట్టించుకున్న ప్రవాసుల ఉదంతాలు తరచూ వార్తల్లోకి వస్తూనే ఉంటాయి. అలాంటివారికి న్యాయస్థానాల్లో ఒక రక్షణ ఉంది. తన దగ్గర ఉందని తెలిసి ఉంటేనే అది నేరపూరిత స్వాధీనం అవుతుందని సుప్రీంకోర్టు 1972లో గున్వంత్‌లాల్ కేసులో స్పష్టం చేసింది. కానీ పది కిలోల బరువున్న ప్రెస్‌ను, డైల పెట్టెను మరిచిపోయి తెచ్చానని ఎవరూ వాదించలేరు. అమెరికాలో హాబీ కొనసాగించి, స్వదేశానికి సామాను సర్దుకునేవారు ఈ వస్తువులను అక్కడే వదిలేయడం ఉత్తమం.

క్రీడాకారుల వాదన

భారత షూటర్లకు రీలోడింగ్ అవసరమా? ఒలింపిక్ రైఫిల్ విభాగాలు రెండే. 10 మీటర్లలో ఎయిర్ రైఫిల్, 50 మీటర్లలో .22 రిమ్‌ఫైర్. హైదరాబాదీ గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం గెలిచింది మొదటిదానిలో, స్వప్నిల్ కుసాలే 2024 పారిస్‌లో గెలిచింది రెండోదానిలో. ఎయిర్ రైఫిల్‌కు పౌడరే ఉండదు. రిమ్‌ఫైర్ తొడుగును మళ్లీ నింపడం ఆచరణలో సాధ్యం కాదు. కాబట్టి పతకాల పేరు చెప్పి దీన్ని సమర్థించలేం. వాదన నిలబడేది 300 మీటర్ల పెద్ద రైఫిల్ పోటీల విషయంలోనే. దిగుమతి తూటాల ఖరీదు అక్కడి క్రీడాకారుడిని నిజంగానే వెనక్కి లాగుతుంది.

ప్రభుత్వం భయమూ వట్టిది కాదు. పాకిస్తాన్‌లోని ఖైబర్ పఖ్తూన్‌ఖ్వాలో ఉన్న దర్రా ఆదమ్ ఖేల్ పట్టణంలో తుపాకుల తయారీ తరాల తరబడి కుటీర పరిశ్రమ. లెక్కకు అందని తయారీ అలవాటైన చోట రాజ్యం చేతులు ఎలా కట్టుబడతాయో ఆ ప్రాంతం చూపిస్తుంది. మన దగ్గరా నాటు తుపాకులకు కొదవ లేదు, వాటికి దొరకనిది నమ్మకమైన తూటాయే. కర్మాగారం నుంచి దుకాణానికి, దుకాణం నుంచి లైసెన్సుదారుకు తూటాల సంఖ్య రాసుకుంటూ వెళ్లడంపైనే భారత నియంత్రణ నిలబడి ఉంది. ఇంట్లో ఖాళీ తొడుగును తిరిగి నింపితే ఆ లెక్క తెగిపోతుంది.

మధ్యేమార్గం లేకపోలేదు. గుర్తింపు పొందిన రైఫిల్ క్లబ్ ఆవరణలో, క్లబ్ పేరిట లైసెన్సుతో, ఖాళీ తొడుగులు, పౌడర్, తయారైన తూటాలు మూడింటికీ లెక్క రాస్తూ చేసే ఏర్పాటు అది. క్రీడాకారులు దాచుకోగల తుపాకులు, తూటాల పరిమితిని 2020లో పెంచిన కేంద్రం, వారిని మిగతా లైసెన్సుదారుల నుంచి వేరుగా చూడవచ్చని అప్పటికే ఒప్పుకుంది. ఇల్లు కాకుండా క్లబ్ కేంద్రమైతే నియంత్రణ దెబ్బతినకుండానే క్రీడకు మేలు జరగవచ్చు. అయితే అందుకు జిల్లా స్థాయిలో పర్యవేక్షించే సిబ్బంది, తనిఖీ చేసే నైపుణ్యం కావాలి. అవి లేకుండా అనుమతి ఇవ్వడం, ఉన్న రిజిస్టర్లను కూడా గాలికి వదిలేయడమే అవుతుంది.

ప్రస్తుతానికి లెక్క తేటగానే ఉంది. అమెరికాలో ఉన్న తెలుగువారు ఏ ప్రెస్ కొనాలని అడిగే ముందు తమ వీసా ఏమిటో, తమ రాష్ట్రం ఏమంటోందో చూసుకోవాలి. ఆ తర్వాత తాము నెలకు ఎన్ని తూటాలు పేలుస్తారో నిజాయితీగా లెక్కేసుకోవాలి. పౌడర్ దొరుకుతోందో లేదో కనుక్కోవాలి. ఈ ప్రశ్నలన్నీ దాటాక కూడా మనసు మారకపోతే, మొదట మాన్యువల్, తర్వాత త్రాసు, ఆ తర్వాత ప్రెస్ కొనాలి. ఆ ప్రెస్ మాత్రం ఇండియా సామానులో చేరకూడదు.